ఇన్‌స్టా పేజీ తీసేస్తున్నాం, పని ఆపడం లేదు

పాత కస్టమర్లకు నమస్కారం.

ఈ నెలాఖరుకు మా ఇన్‌స్టాగ్రామ్ ఖాతా డిలీట్ చేస్తున్నాం. పుస్తకాల కుట్టు, బైండింగ్, పార్సెళ్లు ఎప్పటిలాగే నడుస్తాయి. ఆర్డరుకు బిల్లు మీదున్న నంబరుకి ఫోన్ చేయండి, లేదా అదే నంబరుకి వాట్సాప్‌లో రాయండి. అది వేరే ఖాతా, దీనితోపాటు పోదు.

కారణం దాచాల్సిన పని లేదు. పేజీ చూసుకోమని ఒక ఏజెన్సీకి అప్పగించాం. ఫొటోలు బాగానే పెట్టారు. డీఎంలలో (ఇన్‌స్టాలో నేరుగా పంపుకునే మెసేజ్‌లలో) మాత్రం అడిగినవాళ్లందరికీ రెండు రోజుల్లో పంపేస్తామని మాటిచ్చేశారు. జిగురు తడి ఆరేదాకా పుస్తకం ప్రెస్సులో బిగించి ఉండాలి, తొందరపడి తీస్తే అట్ట వంగిపోతుంది. ఈ సంగతి చెప్పాం, కాగితం మీద రాసి కూడా ఇచ్చాం. చదివినట్టు లేరు. అయినా మాట వెళ్లింది మా పేరుతోనే, కాబట్టి తప్పు మాదే. ఆలస్యమైన ప్రతి పార్సెల్‌కూ క్షమించండి.

ఇంకా ఇబ్బందికరమైనది తర్వాత తెలిసింది. ఖాతాకిచ్చిన ఈమెయిలూ ఫోన్ నంబరూ వాళ్లవే, ఓటీపీలు కూడా వాళ్లకే పోతున్నాయి. మీలో ఎవరి పేజీ అయినా బయటివాళ్లు నడుపుతుంటే ఒక్క మాట: ముందు పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకండి. రికవరీ మెయిల్ వాళ్ల దగ్గరుంటే 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' నొక్కి మళ్లీ లోపలికి వచ్చేస్తారు. మొదట ఈమెయిల్, తర్వాత ఫోన్ నంబరు, ఆపైన టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తోపాటు అడిగే రెండో కోడ్), చివర్లో పాస్‌వర్డ్ మార్చి మిగతా ఫోన్లన్నిటి నుంచీ లాగౌట్ చేయాలి. అన్నీ ఇన్‌స్టా సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ సెంటర్‌లోనే ఉంటాయి.

ఖాతా చేతికొచ్చాక డిలీట్ ఎందుకు, డీయాక్టివేట్ చాలదా అని చాలామంది అన్నారు. మేమూ అటూ ఇటూ చాలా రోజులు ఊగాం. డీయాక్టివేట్ చేస్తే పేజీ కనబడదు, లాగిన్ కాగానే తిరిగొస్తుంది. డిలీట్ నొక్కాక 30 రోజుల గడువుంటుంది, ఆలోగా లాగిన్ అయి రద్దు చేసుకోకపోతే ఇక రాదు. సర్వర్ల నుంచి పూర్తిగా చెరగడానికి 90 రోజుల దాకా పట్టొచ్చు. పైగా వదిలేసిన యూజర్‌నేమ్ ఇంకొకరు తీసుకోవచ్చు. భయపెట్టింది ఇదొక్కటే. అయినా ఏజెన్సీ కొనితెచ్చిన ఫాలోవర్లలో అసలెవరో నకిలీ ఎవరో ఏరి, ఒక్కొక్కరినీ తీసేస్తూ కూర్చోవడం మా వల్ల కాదు. పేజీని ఊరికే వదిలేస్తే ఎవరో ఒకరు డీఎం పెట్టి జవాబు కోసం చూస్తూనే ఉంటారు, అది ఇంకా తప్పు. ఫాలోవర్లు పోతారంటారా, పోనివ్వండి. పుస్తకం కొన్నవాళ్లకు మా నంబరు తెలుసు.

మీ డిజైన్ ఫొటోలూ చాట్‌లూ ఇన్‌స్టా నుంచి ముందే దింపుకున్నాం (డౌన్‌లోడ్ చేసుకున్నాం). దింపేటప్పుడు తేదీల దగ్గర 'ఆల్ టైమ్', ఫార్మాట్ హెచ్‌టీఎమ్‌ఎల్ ఎంచుకుంటే బ్రౌజర్‌లో హాయిగా తెరుచుకుంటుంది. ఫైలు సిద్ధమయ్యాక లింకు కొద్ది రోజులే పనిచేస్తుంది, మెయిల్ రాగానే దింపేయాలి.

అట్ట పెట్టెల మీద క్యూఆర్ కోడ్ ఒక తలనొప్పి. అచ్చయిన గళ్లలో ఉన్నది నేరుగా ఇన్‌స్టా పేజీ చిరునామానే, దాన్ని మార్చడం కుదరదు. మిగిలిన పెట్టెలకు ఫోన్ నంబరు స్టిక్కర్ అంటిస్తున్నాం. మీ ఇంట్లో పాత పెట్టె ఉంటే ఆ కోడ్ స్కాన్ చేయకండి. ఆ పేరు ఇంకెవరైనా తీసుకుంటే అది నేరుగా వాళ్ల పేజీకే పోతుంది.

మా ఖాతా పోయినా, మేం పంపిన మెసేజ్‌లు మీ ఇన్‌బాక్స్‌లో ఉండొచ్చు. చిరునామా, ఫోన్ నంబరు డీఎంలో పంపి ఉంటే, ఆ మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి 'అన్‌సెండ్' చేసేయండి. మేం రిజిస్టర్‌లో రాసుకున్నాం.

ఇకపై ఏ ఇన్‌స్టా ఖాతా మా పేరుతో అడ్వాన్స్ అడిగినా అది మేం కాదు, ఫొటోలు మావే అయినా సరే. డబ్బు పంపేముందు బిల్లు మీది నంబరుకి ఒక్క ఫోన్ కొట్టండి.

డీఎంలో ఇచ్చి ఇంకా అందని ఆర్డర్లన్నిటికీ ఈ వారంలోనే మేమే ఫోన్ చేస్తాం. వారం దాటినా రాకపోతే మీ ఆర్డరు మా రిజిస్టర్‌కి ఎక్కలేదన్నమాట. మొహమాటపడకుండా అడగండి.