విత్తనకాయలకు సాయపడిన వారందరికీ మా రైతు సంఘం కృతజ్ఞతలు

ఈ ఖరీఫ్‌లో మా ఊరి మెట్టరైతులకు వేరుశనగ విత్తనకాయలు సమకూర్చడానికి విరాళాలు పంపిన మిత్రులకు, ముఖ్యంగా ఉద్యోగరీత్యా బెంగళూరు, హైదరాబాదు, విదేశాలలో స్థిరపడినా ఊరిని మరువని మా పిల్లలకు, రైతు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేస్తున్నాము.

ఆ సొమ్మును బోర్లకు కాకుండా విత్తనానికే ఎందుకు వెచ్చించారని కొందరు దాతలు అడిగారు గనుక, ఆ సంగతి వివరించడం మా బాధ్యత. మా ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అది కూడా తరచుగా వేరుశనగ పూత తరువాత ఊడలు నేలలోకి దిగి కాయ ఊరే వేళకే ముఖం చాటేస్తుంది. ఇలాంటి ఎర్రనేలల్లో 1940లో విడుదలైన టి.ఎం.వి.-2 అనే వేరుశనగ రకాన్నే మా పెద్దలు ఆరు దశాబ్దాలకు పైగా వేస్తూ వచ్చారంటే, అందుకు కారణం శాస్త్రవేత్తలు మంచి రకాలు కనిపెట్టకపోవడం కాదు, వాటి విత్తనం పల్లెకు చేరకపోవడం. జొన్నకు ఎకరాకు నాలుగు కిలోల విత్తనం చాలు. వేరుశనగకు అరవై కిలోలకు పైగా గింజలు కావాలి, వేసినదానికి ఎనిమిది పది రెట్లు పండితే మెట్టలో అదే గొప్ప. కొత్త రకం జిల్లా అంతటా విస్తరించడానికి ఏళ్లు పట్టేది ఇందుకే.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ రూపొందించిన ఐ.సి.జి.వి. 91114 రకాన్ని విడుదలకు ముందే మా జిల్లా రైతుల పొలాల్లో వేయించి, వారి అభిప్రాయం తీసుకున్న శాస్త్రవేత్తల పద్ధతిని ఇక్కడ గౌరవంతో స్మరిస్తున్నాము. బెట్టను తట్టుకోవడంతో పాటు ఆ రకం కట్టె (కాయలు కోశాక మిగిలే తీగ, ఆకు) పశువులకు మంచి మేత కావడం కూడా దానికి ఆదరణ తెచ్చింది. దిగుబడి పట్టికల్లో మేత మాట అరుదుగా కనిపిస్తుంది గానీ, పాడి మీద ఇల్లు నడిపే ఆడవారి లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈసారి పంచినవి కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానం అందించిన కదిరి లేపాక్షి రకం విత్తనకాయలు. కిలో గింజలకు 3 గ్రాముల మాంకోజెబ్ అనే శిలీంద్రనాశక మందు పట్టించి విత్తనశుద్ధి చేయడం ఊరికి వచ్చి దగ్గరుండి చూపించిన వ్యవసాయ సిబ్బందికి, లారీ కిరాయి తీసుకోని సోదరునికి ప్రత్యేక ధన్యవాదాలు.

ఇవి ఉచితంగా ఇచ్చినవి కావని దాతలకు మనవి చేస్తున్నాము. తీసుకున్న ప్రతి రైతు పంట చేతికి వచ్చాక బస్తాకు బస్తాంబావు (ఒకటింబావు బస్తా) చొప్పున సంఘానికి తిరిగి ఇస్తారు; వానలు మొహం చూపకపోతే మరుసటి ఏటికి గడువు ఉంటుంది. అలా జమ అయిన కాయలను వచ్చే ఖరీఫ్‌లో ముందుగా కౌలు రైతులకు, ఆ తరువాతే పట్టాదారులకు ఇవ్వాలని సంఘం తీర్మానించింది.