పిల్లల కష్టం బిల్డ్‌లో కొట్టుకుపోతోంది

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండలో ఉంటూ చిన్న కంప్యూటర్ బోర్డులకు లైనక్స్ బిల్డ్ చేస్తుంటాను. ప్రాజెక్టుల కోసం వచ్చే ఇంజినీరింగ్ పిల్లలందరిదీ ఒకటే బాధ: యోక్టోలో (ఇలాంటి బోర్డులకు లైనక్స్ తయారుచేసుకునే టూల్స్‌లో) ఏదో ప్యాకేజీ కాన్ఫిగ్ ఫైల్‌ని నేరుగా బిల్డ్ ఫోల్డర్‌లోకి వెళ్లి మార్చేస్తారు, అది మళ్లీ మొదటి నుంచి బిల్డ్ అయిందంటే మార్పు మాయం, రివ్యూ ముందు రాత్రంతా టెన్షన్. దీనికి దారి ఉంది: సొంత లేయర్ (మన మార్పులుండే వేరే ఫోల్డర్) పెట్టుకుని, బీబీఅపెండ్ ఫైల్‌లో (ప్యాకేజీ బిల్డ్ సూచనలకు మన లైన్లు జోడించే ఫైల్‌లో) మన ఫోల్డర్ దారిని ముందు చేర్చితే అదే పేరున్న మన ఫైలే ముందు దొరుకుతుంది. అసలు రెసిపీలో (ఆ బిల్డ్ సూచనలుండే ఫైల్‌లో) ఆ ఫైల్ లేకపోతే మాత్రం దాన్ని సోర్సుల్లో చేర్చి, ఇన్‌స్టాల్ చేసే లైన్లు కూడా మనమే రాయాలి. 2021లో ఈ ఫైళ్ల సింటాక్స్ (రాసే పద్ధతి) మారి, అపెండ్, ప్రీపెండ్ లాంటి మాటల ముందు అండర్‌స్కోర్ స్థానంలో కోలన్ వచ్చింది, పిల్లల చేతుల్లో ఇంకా పాత నోట్సే! ఇవన్నీ మీ చదువుల పేజీలో తెలుగులో రాయించండి సార్.

ఒక పాఠకుడు, హన్మకొండ