అల్ ఖ్వారిజ్మీ పేరెందుకు లేదు?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సున్నా మీద వచ్చిన వ్యాసం గురించి ఎవరైనా రాస్తారని చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. 1202లో ఇటలీ గణితవేత్త ఫిబొనాచీ మన అంకెల్ని పరిచయం చేయగానే యూరప్ అంతా రోమన్ అంకెల్ని వదిలేసిందని ఎలా వేశారండీ? దాదాపు మూడు వందల ఏళ్లు పట్టిన వ్యవహారం అది!

ఫిబొనాచీ కంటే చాలా ముందే, 976లో స్పెయిన్‌లోని అల్బెల్దా మఠంలో రాసిన ప్రతిలో మన తొమ్మిది అంకెలూ ఉన్నాయి, సున్నా మాత్రం లేదు. తర్వాత పోప్ అయిన గెర్బెర్ట్ కూడా ఆ అంకెల్ని అబాకస్ (లెక్కలు చేసే పలక) బిళ్లల మీద వాడాడే తప్ప కాగితం మీద లెక్క చేసే పద్ధతి అక్కడివాళ్లకి ఇంకా అందలేదు. అది అందింది 12వ శతాబ్దంలో, 9వ శతాబ్దపు బాగ్దాద్ పండితుడు అల్ ఖ్వారిజ్మీ మన అంకెల మీద అరబ్బీలో రాసిన లెక్కల పుస్తకం లాటిన్‌లోకి వచ్చాక. ఫిబొనాచీ కూడా ఈ విద్య నేర్చుకున్నది ఇప్పటి అల్జీరియాలో ఉన్న బుగియా రేవులో, వాళ్ల నాన్న పీసా వర్తకుల తరఫున అక్కడ సుంకాల కొలువులో ఉన్నప్పుడు. ఇవి భారతీయుల తొమ్మిది అంకెలు అని ఆయన తన పుస్తకం మొదట్లోనే రాశాడు. పరాయి దేశంవాడు మన పేరు దాచలేదు, మనమెందుకు అరబ్బీ పండితుల పేరు దాస్తున్నాం? మీ వ్యాసం మొత్తంలో అల్ ఖ్వారిజ్మీ పేరు ఒక్క చోట కూడా లేదు!

ఆ తర్వాతైనా దారి సాఫీగా లేదు. 1299లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో నాణేల మారకం వ్యాపారుల సంఘం పద్దుల్లో ఈ అంకెలు వాడకూడదు, మొత్తాలు అక్షరాల్లోనే రాయాలి అని నిబంధన పెట్టింది. సున్నాని ఆరుగానో తొమ్మిదిగానో దిద్దేస్తారన్న భయం అందుకు కారణమంటారు. చివరికి ఇటలీలో వర్తకుల పిల్లలు చదివే లెక్కల బడులే వీటిని నిలబెట్టాయి, వడ్డీ, మారకం, భాగస్వాముల వాటాలు అన్నీ అక్కడ నేర్పేవారు. 1478లో ట్రెవిసోలో అచ్చయిన లెక్కల పుస్తకం అలాంటి పిల్లల కోసమే. జర్మనీలో లెక్కల గురువు ఆడమ్ రీస్ 1522లో కూడా కొత్త అంకెలతో పాటు బిళ్లల లెక్కా నేర్పాల్సి వచ్చింది.

ఇంత కథ ఉంటే మన బడుల్లో చెప్పేది "సున్నా మనదే" అన్న ఒక్క ముక్క. బ్రహ్మగుప్తుడు 628లో సున్నాతో కూడికలకీ తీసివేతలకీ నియమాలు రాశాడని పదో తరగతి పిల్లల్ని అడిగితే ఎంతమంది చెప్పగలరు? లెక్కల టీచర్ల ఖాళీలు ఏళ్ల తరబడి నింపరు, పాఠం చెప్పే తీరిక ఉన్నవాళ్లకి వేరే డ్యూటీలు వేస్తారు, పిల్లలు బిట్లు బట్టీ పట్టి బయటపడతారు. పత్రికలు కూడా ఆ బిట్ల స్థాయికే దిగిపోతే ఎలా?

దయచేసి వచ్చే ఆదివారం సవరణ వేయండి, లోపలి పేజీలో ఒక మూల కాకుండా ఆ వ్యాసం వేసిన చోటే వేయండి.

ఒక రిటైర్డ్ లెక్కల టీచర్,
తెనాలి