పెయింటింగ్ మొదలయ్యేలోపు: స్ప్రింక్లర్ల సంగతి

అందరికీ నమస్కారం. సోమవారం నుంచి ఫ్లాట్లలో పెయింటింగ్. మంట వస్తే నీళ్లు చల్లే సీలింగ్‌లోని స్ప్రింక్లర్ హెడ్ మీద రంగు చుక్క కూడా పడనివ్వకండి. దాని మధ్యలో ఎర్ర గాజు బల్బు ఉంది చూడండి, లోపలి ద్రవం 68 డిగ్రీలకు ఉబ్బి గాజును పగలగొడితేనే నీళ్లొస్తాయి. రంగు అంటితే వేడి ఆలస్యంగా తగులుతుంది. పడితే గీకొద్దు, హెడ్ మార్చాల్సిందే. కవర్ కడితే సాయంత్రానికల్లా విప్పేయాలి.

పోపు ఘాటుకో, అగరొత్తుల పొగకో ఆ బల్బు పగలదు. మన నెల్లూరు రోహిణి కార్తె ఎండకూ పగలదు, భయపడకండి. సినిమాల్లోలా అన్నీ ఒకేసారి కురవవు, మంట దగ్గరున్నదే తెరుచుకుంటుంది. ఫైరింజన్ వచ్చేలోపు మంట గది దాటకుండా ఆపి, పిల్లలు, పెద్దవాళ్లు బయటపడే టైమ్ ఇచ్చేది అదే.

పై అంతస్తు వాళ్లకు ఇంకో మాట. ట్యాంకు 3 మీటర్లే పైన ఉంటే ప్రెషర్ 0.3 బార్ మాత్రమే. హెడ్‌కి కనీసం 0.5 కావాలి. అందుకే బూస్టర్ పంపు ఎప్పుడూ ఆటో మోడ్‌లోనే ఉండాలి. కరెంటు ఆదా అని ఆపొద్దని వాచ్‌మన్‌కీ చెప్పాం.

లీకేజీ పనికి మూసిన మెయిన్ వాల్వ్ మళ్లీ తెరవడం మరిచిపోతారు. స్ప్రింక్లర్ పనిచేయకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. ప్లంబర్ వెళ్లేముందు హ్యాండిల్ పైపు వెంబడే (అంటే తెరిచి) ఉందో లేదో చూసి, ప్రెషర్ గేజ్ ఫొటో ఇక్కడ పెట్టండి.