నల్ల తామర పురుగు పోస్టర్ వెనక ఉన్నవారికి

సదస్సులో నా పరిశోధన పోస్టర్‌కు ప్రోత్సాహక బహుమతి వచ్చిందని తెలిసి అభినందిస్తున్న అందరికీ ధన్యవాదాలు. కానీ ఇందులో ఎవరి వాటా ఎంతో చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

విషయం తెలియనివారి కోసం రెండు మాటలు. మిరపకు తామర పురుగు పాత శత్రువే. ఆకుల రసం పీల్చి పై ముడత తెస్తుంది, అంటే ఆకులు పైకి ముడుచుకుపోతాయి. 2021లో మన తోటల మీద విరుచుకుపడిన నల్ల తామర పురుగు, అంటే త్రిప్స్ పార్విస్పైనస్, తీరు వేరు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగు ఎక్కువగా పూలలోనే మకాం వేస్తుంది. పూత రాలుతుంది, నిలిచిన కాయ వంకర తిరుగుతుంది. పూరేకుల మాటున దాక్కున్నదానికి మందు సరిగా తగలదు. దీని ఉనికిని ముందే పసిగట్టడానికి నీలి రంగు జిగురు అట్టలు కడతారు. వాటిని ఏ ఎత్తులో కడితే మేలన్నదే నా పోస్టర్.

గుంటూరు జిల్లాలో తన చేను మాకు అప్పగించిన పిన్నికి మొదటి దండం. చుట్టరికం లేదు, పిలుపుతో వచ్చిన వరస. నేను పూలను తెల్ల కాగితం మీద దులిపి పురుగులు లెక్కపెడుతుంటే, ఆమె అట్టల వైపు చూసి, "తేనెటీగలు కూడా అంటుకుంటున్నాయమ్మా, అవి రాసుకోవా?" అంది. ఆ మాటతో మా పట్టికలో ఒక గడి పెరిగింది. సదస్సులో న్యాయనిర్ణేత అడిగిన మొదటి ప్రశ్న, "మరి మిత్ర కీటకాల సంగతేమిటి?" ఆ గడి చూపించాను. ఆయన చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.

పోస్టర్‌లో నేను రాసిన సగం వాక్యాలు తీసేయించిన మా గైడ్ మేడంకు కృతజ్ఞతలు. అప్పుడు అలిగాను. నిలబడి చదివేవారి కాళ్ల నొప్పులు ఆమెకు తెలుసు.

బోర్డులు నిలువుగా ఉంటాయని నిర్వాహకులు ఆఖరి నిమిషంలో చెబితే, మాది అడ్డంగా అచ్చయి ఉంది. ఎవరో హీరో పుట్టినరోజు బ్యానర్లు పక్కన పెట్టి, రాత్రికి రాత్రి మళ్లీ అచ్చువేసిన ఫ్లెక్సీ షాపు బాబాయికి ఏమిచ్చినా తక్కువే. ఆయన సరుకు ఖర్చు మాత్రమే తీసుకున్నారు. టేపు, గుండుసూదులు ఇచ్చిన పక్క బోర్డు అస్సాం అమ్మాయికి కూడా ధన్యవాదాలు.

పోస్టర్‌ను ఇప్పుడు తెలుగులో రాస్తున్నాను, పిన్ని ఊరి రైతు సేవా కేంద్రంలో పెట్టడానికి. ఆ రోజు ఫోటోలు తీసినవారు దయచేసి పంపండి. పిన్ని అడుగుతోంది.