ఇంటి వ్యాపారం మొదలుపెట్టేవాళ్ళకి, ఆదివారం కలుద్దాం

అక్కలూ, చెల్లెళ్ళూ అందరికీ నమస్తే 🙏

పచ్చళ్ళు, పొడులు, టైలరింగ్ ఏదో ఒకటి ఇంట్లోంచే మొదలుపెడదాం అనుకుంటున్నవాళ్ళంతా ఆదివారం సాయంత్రం 4 గంటలకి కమ్యూనిటీ హాల్‌కి రండి, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి గవర్నమెంట్ ఆన్‌లైన్‌లో చేసే నమోదు) అక్కడే కూర్చుని చేసేసుకుందాం.

ఇది పూర్తిగా ఫ్రీ అండి, ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. పోయినేడాది నేను తెలీక ఒక వెబ్‌సైట్‌లో 1,500 కట్టేశా, చూడ్డానికి అచ్చం గవర్నమెంట్ సైట్‌లాగే ఉంది, మూడు రంగుల జెండా బొమ్మ కూడా పెట్టాడు. మీకెవరికీ అలా కాకూడదనే ఈ మెసేజ్. అడ్రస్ చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి, లేకపోతే వదిలేయండి.

తెచ్చుకోవాల్సినవి:
ఆధార్, పాన్, బ్యాంక్ పాస్‌బుక్
ఆధార్‌కి లింక్ అయిన ఫోన్ (చాలామందికి మీ ఆయన నంబరే ఉంటుంది, ఓటీపీ దానికే వస్తుంది, ఆ ఫోన్ తప్పకుండా పట్టుకురండి)

తినేవి అమ్మేవాళ్ళకి ఫుడ్ రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి, అది మాత్రం ఫ్రీ కాదు, చిన్న వ్యాపారానికి ఏడాదికి 100 రూపాయలు.

ఊళ్ళల్లో ఉండే మీ చెల్లెళ్ళకీ వదినలకీ ఆర్‌సెటి గురించి చెప్పండి, బ్యాంకులు నడిపే ట్రైనింగ్ సెంటర్లు అవి, నేర్పించడం, భోజనం, ఉండడం అన్నీ ఫ్రీనే.

వచ్చేవాళ్ళు శుక్రవారంలోపు పేరు, ఏం వ్యాపారమో ఇక్కడ పెట్టండి. ఓటీపీ మాత్రం గ్రూప్‌లో పెట్టొద్దు, ఎవరడిగినా చెప్పొద్దు ప్లీజ్.