ప్లాస్టరింగ్ మొదలుపెట్టే ముందు

బ్రాడీపేట,
గుంటూరు

ఒరేయ్ శీనూ,

మీ ఇంటికి పై స్లాబు కూడా పడిందని, వచ్చే వారం బయట ప్లాస్టరింగ్ అని మీ చెల్లి చెప్పింది. సంతోషం. కానీ మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదువు.

మా వీధి చివర మూడంతస్తుల ఇల్లు కడుతున్నారు. పోయిన మంగళవారం అక్కడ పరంజా మీద నుంచి ఓ తాపీ కుర్రాడు పడ్డాడు. కాళ్ల మీద పడబట్టి తలకేం కాలేదు గానీ రెండు మడమలూ, నడుం దగ్గర వెన్నుపూసా విరిగాయి. అంత ఎత్తు నుంచి అలా పడితే ఒక్కోసారి ఈ రెండూ కలిసే దెబ్బతింటాయట. జనమేమో వాణ్ని చంకలు పట్టి లేపి ఆటోలో కూలేశారు! వెన్నుకి దెబ్బ తగిలినవాణ్ని కదపకుండా 108కి ఫోన్ చేయాలని ఒక్కడికీ తోచలేదు.

కాంట్రాక్టరేమో, “ఎండకి కళ్లు తిరిగాయి సార్, వాడి టైం బాలేదు” అంటాడు. టైమా నా బొందా! మర్నాడు వెళ్లి చూశా. సరుగుడు బాదులు మన నల్లరేగడిలో నిలబెట్టారు, అడుగున చెక్క ముక్కయినా వేయకుండా. మొన్నటి వానకి ఒక పక్క కుంగాయి. నిలబడే పలక ఆఖరి బాదిని దాటి మూరెడు బయటికి ఉంది, తాడుతో కట్టిందీ లేదు. ఆ కొసన కాలేస్తే అవతలి కొస లేవదూ? నడుమెత్తున అడ్డకర్ర లేదు. పడిపోకుండా ఆపే బెల్టు ఉందా అంటే ఉంది, సిమెంటు గదిలో మేకుకి, కవరైనా విప్పకుండా.

ఇప్పుడు ఆ కాంట్రాక్టరు ఇరవై వేలు చేతిలో పెట్టి కాగితం మీద సంతకం పెట్టించుకోవాలని చూస్తున్నాడు. పెట్టొద్దని కుర్రాడి నాన్నకి గట్టిగా చెప్పా. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలన్నది 1923 చట్టం నాటి నుంచీ ఉన్నదే. భవన నిర్మాణ కార్మికుల కోసమని 1996లో వేరే చట్టమే వచ్చింది, పెద్ద కట్టడాల ఖర్చులో ఒక శాతం సెస్సు కూడా వసూలు చేస్తారు. ఆ సెస్సుతో నడిచే కార్మికుల సంక్షేమ బోర్డు డబ్బు అందాలంటే అక్కడ పేరు నమోదై ఉండాలి. ఈ కుర్రాడికి కార్డే లేదు. అయినా కాంట్రాక్టరు ఇవ్వాల్సింది ఎక్కడికీ పోదు. సోమవారం వాళ్ల నాన్నని లేబర్ ఆఫీసుకి తీసుకెళ్తున్నా.

నువ్వు మాత్రం నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇనప గొట్టాల పరంజా అద్దెకి తెప్పించు. ఆ గొట్టాల కాళ్ల కింద పలకలు వేయించు, గోడకి కట్టించు, బెల్టు కొక్కెం పరంజాకి కాకుండా గట్టి స్తంభానికి తగిలించమను. మేస్త్రీ మొహం చిట్లిస్తాడు, చిట్లించనీ.

గృహప్రవేశం ముహూర్తం కుదరగానే రాయి, రైలు టికెట్లు దొరకవు మళ్లీ.

నీ
సాంబు